గొడుగు కనబడిందట

ఆ విమానానికి కాగితాల మీద ఒక పొడవాటి పేరూ, పేరు పక్కన ఒక అంకె ఉండేవి. దాన్ని కట్టిన షెడ్డులో మాత్రం అందరూ దాన్ని "పెట్ట" అనే పిలిచేవారు. పొట్టి మెడ, బరువైన పొట్ట, నేల మీద పరుగు తీసేటప్పుడు రెక్కలు టపటపలాడించినట్టు అదిరే తీరు చూసి ఎవరో ఫిట్టర్ సరదాగా పెట్టిన పేరది. మొదటి పెట్టను బలం పరీక్షల్లో విరగ్గొట్టేశారు. అది విరగడం కోసమే కట్టినది కాబట్టి ఎవరూ బాధపడలేదు. ఎగిరేది రెండోదే. కొత్తగా విమానం నేర్చుకునేవాళ్ళ కోసం తయారవుతున్న చిన్న రెండు సీట్ల విమానం. లోకంలో అలాంటిది అదొక్కటే ఉంది.

దాన్ని ఎగరేసే పైలట్ పేరు కూడా షెడ్డు పెట్టినదే: నిదానం. రన్‌వే మీద ఇంజిన్ రంకెలు వేస్తుంటే అతను మాత్రం బెల్టు బిగించుకుని, విప్పి, మళ్ళీ బిగించుకుని, అద్దాల మూత లాగి చూసి, "నిదానమే ప్రధానం కదండీ" అనేవాడు. గాల్లో గంటకి నాలుగు వందల కిలోమీటర్ల వేగంతో పోయే మనిషికి ఆ పేరేమిటని కొత్తవాళ్ళు నవ్వేవారు. పాతవాళ్ళు నవ్వేవారు కాదు. నిదానం వల్లే అతను ఇన్నాళ్ళుగా ఇంటికి తిరిగి వెళ్తున్నాడని వాళ్ళకు తెలుసు.

అతను గాల్లో ఉన్నప్పుడు నేల మీద నుంచి అతనితో మాట్లాడే గొంతు ఒక్కటే. అది అతని వదినది.

కంట్రోల్ రూమ్‌లో ఇంజినీర్లు పదిమందికి పైగా కూర్చుంటారు. విమానంలో జరిగే ప్రతి చిన్న కదలికా గాల్లోంచి వచ్చి వాళ్ళ తెరల మీద గీతలుగా పాకుతుంది. ఒకాయన రెక్కలు చూస్తాడు, ఒకావిడ ఇంజిన్ చూస్తుంది, ఇంకొకాయన తోక. పదిమందీ పది రకాలుగా అరిస్తే పైలట్ ఎవరి మాట వినాలి? అందుకని ఎవరేం చెప్పాలన్నా మధ్యలో కూర్చున్న ఆమెకే చెప్పాలి. ఆమె అందులోంచి కావలసిన నాలుగు ముక్కలు ఏరి మైకులో చెబుతుంది. ఆ పనికి ఆమెను మించినవాళ్ళు లేరని అందరూ ఒప్పుకునేవారు. ఇస్త్రీ చేసిన చొక్కాలా ఎక్కడా ముడత లేని గొంతు ఆమెది.

ఆమె ఇంకా వదిన కాకముందు, ఆమె చెల్లెలు ఒకసారి ఇంటి తాళంచెవి ఇవ్వడానికి గేటు దగ్గరికి వచ్చింది. నిదానం చూశాడు. మర్నాడు నిదానం టీ గ్లాసు పట్టుకుని ఆమె బల్ల దగ్గర నిలబడ్డాడు.

"మేడమ్, మిమ్మల్ని వదినా అని పిలవాలనుంది. దానికి ఏం చెయ్యాలో కాస్త చెబుతారా?"

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక, "ముందు మా చెల్లెల్ని అడుగు. అది ఒప్పుకుంటే పిలుద్దువు గాని" అంది. అప్పటిదాకా "మీరు" అంటున్న మనిషిని "నువ్వు" అనేసిందని ఆమె గమనించుకోలేదు. అతను గమనించాడు. పని సగం అయినట్టేనని షెడ్డంతా చెప్పుకున్నాడు.

అలా కుదిరిన పెళ్ళి. ఇంట్లో అతను ఆమెను "నువ్వు" అనేవాడు, ఆఫీసులో "మీరు", రేడియోలో "గ్రౌండ్". ఈ మూడింటినీ ఎప్పుడూ కలిపేవాడు కాదు. చెల్లెలికి బజారు వీధిలో మందుల షాపు. వాళ్ళకో పాప, ఒకటో తరగతి. అక్క పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలి ఇంటికి రెండు సందుల అవతల ఉంటూ, రోజూ సాయంత్రం అక్కడే తిని వెళ్ళేది. "డబ్బు కట్టకుండా తినే మెస్సు మనిషి" అని నిదానం ఏడిపించేవాడు.

ఆ రోజు పరీక్ష గింగిరాలది. నేర్చుకునేవాడు పొరపాటున విమానాన్ని మరీ నెమ్మది చేస్తే అది గాల్లో పట్టుతప్పి, ముక్కు కిందికి పెట్టి, గిరగిరా తిరుగుతూ పడిపోతుంది. సరైన తీరులో చేతి కర్రా, కాళ్ళ కింది పెడళ్ళూ కదిపితే మళ్ళీ తేరుకోవాలి. తేరుకుంటుందో లేదో ముందుగా ఎవరో ఒకరు చూడాలి కదా. ఆ ఎవరో ఒకరు నిదానం.

పొద్దున సమావేశంలో చీఫ్ ఇంజినీరు అన్నీ మరోసారి వివరించాడు. జుట్టంతా నెరిసిన ఆ పెద్దాయనను అందరూ తాతగారు అంటారు. విమానం తేరుకోకపోతే తోకలో ఒక పారాచూట్ ఉంది. షెడ్డులో దాన్ని గొడుగు అంటారు. అది విచ్చుకుని తోకను పైకి లాగితే ముక్కు కిందికి దిగి గింగిరం ఆగుతుంది. దానితో కూడా పని జరగకపోతే పదివేల అడుగుల ఎత్తు దగ్గర పైలట్ మూత తీసి దూకేయాలి. అతని వీపున అతని గొడుగు ఉంటుంది.

"పదివేలు అంటే పదివేలే. బేరాల్లేవు" అన్నాడు తాతగారు.

"నేను బేరం ఆడే మనిషినా సార్? మా ఇంట్లో కూరగాయలకి కూడా నన్ను పంపించరు" అన్నాడు నిదానం.

బయటికి వస్తూ అతను ఆమె పక్కన నడిచాడు.

"వదినా, సాయంత్రం మీరు కాస్త తొందరగా రావాలి. పాప గదికి రంగు వేయడం మొదలెట్టాం. మీ చెల్లెలు గోడ సగం నీలం, సగం పసుపు అంటోంది. నాది ఓటు ఒకటి, వాళ్ళవి రెండు."

"నేనొస్తే మూడవుతాయి."

"అందుకే చెబుతున్నా. ముందే లంచం ఏం కావాలో అడుగుదామని."

ఆమె నవ్వి కంట్రోల్ రూమ్ మెట్లెక్కింది. తలుపు పక్కన చిన్న చిన్న చెక్క అరల్లో అందరూ ఫోన్లు పెట్టి లోపలికి వెళ్ళాలి. ఆమె కూడా పెట్టింది.

మొదటి గింగిరం పుస్తకంలో రాసినట్టే జరిగింది. ఒక చుట్టు తిరిగింది, తేరుకుంది. రెండోది ఎడమవైపు రెండు చుట్లు. "బుద్ధిగా ఉంది గ్రౌండ్" అన్నాడు నిదానం. కొంచెం దూరంలో ఇంకో విమానం వెంట తిరుగుతూ చూస్తోంది. కింద మాత్రం దూదిపరుపు పరిచినట్టు మబ్బు పట్టి ఉంది. దాని పైన ఆకాశం కడిగినట్టుగా ఉందని వెంట విమానం పైలట్ చెప్పాడు.

మూడోది కుడివైపు.

"కుడి గింగిరం మొదలుపెడుతున్నా" అన్నాడు.

"కానీండి" అంది ఆమె.

ఒక చుట్టు. రెండు. మూడో చుట్టులో తోక చూసే ఇంజినీరు కుర్చీలో ముందుకు వంగాడు. కిందికి చూడాల్సిన ముక్కు మెల్లగా పైకి లేస్తోంది. విమానం ముక్కు మీద కాకుండా పొట్ట మీద, పళ్ళెం తిప్పినట్టు బల్లపరుపుగా తిరగడం మొదలుపెట్టింది.

"ముక్కు లేస్తోంది" అన్నాడు తోక ఇంజినీరు.

"ముక్కు లేస్తోంది. తేరుకోండి" అంది ఆమె మైకులో.

"తేరుకుంటున్నా. పెడల్ ఎదురు తొక్కా. కర్ర ముందుకి." కొంచెం ఆగి, "వినడం లేదు" అన్నాడు. ఇంట్లో పాప మాట వినడం లేదని చెప్పినప్పుడు కూడా అదే గొంతు.

ఎత్తు చూపించే గీత దిగుతూనే ఉంది. మళ్ళీ చెయ్యమని తాతగారు చెప్పాడు, ఆమె చెప్పింది, అతను మళ్ళీ చేశాడు. విమానం విన్నట్టే లేదు.

"గొడుగు" అన్నాడు తాతగారు.

"గొడుగు వదలండి."

"వదిలా."

తోక ఇంజినీరు తెర మీద ఒక గీత ఎగిరిపడింది. గొడుగు బయటికి వచ్చింది. అందరూ ముక్కు దిగుతుందని చూశారు. దిగలేదు. వెంట విమానం పైలట్ గొంతు వినిపించింది. గొడుగు వచ్చింది కానీ విచ్చుకోవడం లేదు, తోక వెనక తడిగుడ్డలా కొట్టుకుంటోంది అని. తోక ఇంజినీరు రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. విమానం అలా బల్లపరుపుగా పడుతుంటే దాని వెనక గాలి చచ్చిపోతుంది. గొడుగు పట్టుకోవడానికి అక్కడ గాలి లేదు.

"పదివేలు. దూకేయండి" అంది ఆమె.

"ఒక్కసారి ఇంజిన్ పెంచి చూస్తా."

"పదివేలు దాటింది. దూకేయండి."

ఆ గొంతులో అప్పటికీ ముడత పడలేదు. ఆ తర్వాత ఆమె తనను తాను వెయ్యిసార్లు అడుక్కుంది, అప్పుడెందుకు అరవలేదని. కానీ ఏళ్ళ తరబడి అరవకుండా ఉండడమే నేర్చుకున్న గొంతు అది. అరవడం దానికి చేతకాలేదు.

ఇంజిన్ గీత ఒకసారి పైకి లేచి పడిపోయింది. మబ్బులోకి వెళ్ళిపోయిందనీ, తనకు కనిపించడం లేదనీ వెంట విమానం చెప్పింది. మూత ఊడినట్టు చూపించే ఎర్రదీపం తెర మీద వెలిగింది. రేడియోలో గాలి హోరు.

"బెల్టు తీశా. లేవడం... గట్టిగా తోసేస్తోంది..."

"దూకేయండి."

"ఉండు వదినా" అన్నాడు.

అంతే. హోరు కూడా ఆగిపోయింది. రేడియో తీగ హెల్మెట్‌కి తగిలించి ఉంటుంది. మనిషి సీటు వదిలితే అది ఊడిపోతుంది. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. కాబట్టి మాట ఆగిపోవడం మంచిదే. ఇంజిన్ చూసే ఆవిడ ఆ మాట పైకే అంది, "తీగ ఊడింది. అంటే లేచాడు. లేచాడు కదా?" కాసేపటికి అన్ని తెరల మీదా గీతలన్నీ ఒక్కసారే చదునైపోయాయి.

ఆమె మైకు మీట నొక్కి పిలిచింది. మళ్ళీ పిలిచింది. ఊడిన తీగకి మాటలు వెళ్ళవని తెలిసీ పిలిచింది. తాతగారు వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా పిలుస్తూనే ఉంది.

ప్రమాదం జరిగితే ఏం చెయ్యాలో నియమాలు ఉంటాయి. గది తలుపు మూసేస్తారు. ఎవరూ బయటికి వెళ్ళకూడదు, ఎవరికీ ఫోన్ చెయ్యకూడదు, ఏ మీటా ముట్టుకోకూడదు. అంతా ఉన్నదున్నట్టు ఉండాలి. తలుపు దగ్గర భద్రతాధికారి నిలబడ్డాడు. వెతకడానికి జీపులు, హెలికాప్టర్ బయల్దేరాయని మాత్రం చెప్పాడు. మబ్బు వల్ల హెలికాప్టర్ కిందికి దిగలేకపోతోంది.

ఆమె కుర్చీలోంచి లేవలేదు. ఎదురుగా చదునైన గీతలు. చెయ్యడానికి ఒక్క పని లేదు. నీళ్ళ గ్లాసు ఎవరో ముందు పెట్టారు. అది తాగితే ఒక పని అవుతుందని తాగింది.

తలుపు అవతల చెక్క అరలో ఫోన్ మోగడం మొదలైంది. చెక్క మీద గరగరమంటూ జరుగుతూ మోగింది. ఆ అరల్లో చాలా ఫోన్లు ఉన్నాయి. కానీ తన ఫోన్ చప్పుడు తల్లికి బిడ్డ ఏడుపు తెలిసినట్టు తెలిసిపోతుంది. ఆగింది. మళ్ళీ మోగింది. ఊరికి వార్త చేరిపోయింది. మందుల షాపుకి రాని మనిషి ఉండడు. అక్కడికి చేరని వార్త కూడా ఉండదు.

"సార్, అది మా చెల్లెలు" అంది ఆమె.

తాతగారు నేల చూశాడు. "ఏం చెబుతావమ్మా? మనకే తెలీదు కదా."

నిజమే. ఏం చెబుతుంది? ఫోన్ మోగినంతసేపూ మోగి ఊరుకుంది. అది ఊరుకున్నాక గదిలో ఇంకా భరించలేనట్టు అయింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. భద్రతాధికారి ముఖం చాటంత చేసుకుని నిలబడ్డాడు.

"గొడుగు కనబడిందట! మొక్కజొన్న చేనులో. పోలీసు వాళ్ళు ఫోన్ చేశారు!"

గది ఒక్కసారిగా లేచి నిలబడింది. రెక్కల ఇంజినీరు పక్కనున్నవాణ్ణి వాటేసుకున్నాడు. ఇంజిన్ చూసే ఆవిడ భోరున ఏడ్చేసింది. ఎవరో "నిదానమా మజాకానా!" అని బల్ల గుద్దారు. ఆమె మాత్రం ఎవరినీ చూడకుండా తలుపు వైపు పరుగెత్తింది. భద్రతాధికారి ఆపలేదు, పక్కకు తప్పుకున్నాడు. నియమాలన్నీ చెడ్డ రోజుల కోసం. ఇది చెడ్డ రోజు కాకుండా పోయింది కదా అనుకున్నాడో ఏమో.

మొదటి రింగు పూర్తి కాకుండానే చెల్లెలు ఎత్తింది.

"అక్కా! ఎక్కడికి పోయావే? ఊరంతా ఏదేదో అంటున్నారు. కూలిందంటున్నారు—"

"దూకాడే. దూకేశాడు. గొడుగు కనబడిందట."

అవతల ఒక చప్పుడు వచ్చింది. ఏడుపో నవ్వో తెలియలేదు. తర్వాత నవ్వేనని తెలిసింది.

"నిజంగా?"

"నిజంగానే. చేలో దిగాడట."

"దెబ్బలు తగిలాయా?"

"కాలో చెయ్యో విరిగితే విరగనీ. మనిషి దక్కాడు."

"విరగనీలే అక్కా, కట్టు నేనే కడతా." అని షాపులో ఎవరితోనో, "మా ఆయన దూకేశాడటండీ!" అని అరవడం వినిపించింది.

ఆమె ఫోన్ పట్టుకుని లోపలికి వచ్చింది. అందరూ ఇంకా నిలబడే ఉన్నారు. ఒక్క తోక ఇంజినీరు మాత్రం కూర్చుని ఉన్నాడు. అతని ముఖంలో సంతోషం లేదు. అతను భద్రతాధికారిని చూసి, తప్పు చేసినవాడు అడిగినట్టు మెల్లగా అడిగాడు.

"గొడుగు... ఏ రంగుదట?"

"రంగా? రంగు చెప్పలేదు."

"ఒకసారి కనుక్కోండి."

ఆమెకు ఒక్క క్షణం ఆ ప్రశ్న ఎందుకో అర్థం కాలేదు. ఆ తర్వాత అర్థమైంది. పైలట్ వీపున ఉండే గొడుగు తెల్లనిది. తోకలోది, దూరానికి కనబడాలని, నారింజ రంగుది.

భద్రతాధికారి బయటికి వెళ్ళాడు. నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే కూర్చున్నారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. తెల్లది అని చెబుతాడు, తెల్లది అంటాడు అని ఆమె లోపల అనుకుంటూనే ఉంది. చిన్నపిల్లలు పరీక్ష ఫలితాలప్పుడు అనుకున్నట్టు. అతను తిరిగి వచ్చినప్పుడు నోరు తెరవనక్కర్లేకపోయింది. అయినా తెరిచాడు.

"నారింజ రంగట."

తెగిన తాడుతో సహా తోక గొడుగు గాలికి కొట్టుకుపోయి ఆ చేలో పడింది. విమానం అక్కడికి చాలా దూరంలో పడింది. ఇంకాసేపటికి అదీ దొరికింది. నిదానం దానికి కొంచెం అవతల దొరికాడు. సీటులోంచి లేచాడు, బయటికి వచ్చాడు, తన గొడుగు తాడు కూడా లాగాడు. తెల్ల గొడుగు సంచీలోంచి సగమే బయటికి వచ్చి ఉంది. విచ్చుకోవడానికి ఎత్తు చాలలేదు.

జీపులో తాతగారు పక్కన కూర్చున్నాడు. "నేను చెబుతానమ్మా. అది నా పని" అన్నాడు. ఆమె తల ఊపింది. దారిలో బజారు వీధి వచ్చింది. మందుల షాపు మూసి ఉంది.

చెల్లెలి ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. పాప గది గోడ సగం నీలం. రంగు డబ్బా మూత మీద బ్రష్ ఎండిపోయి ఉంది. చెల్లెలు పడకగదిలో మంచం మీద సంచీ పెట్టుకుని సర్దుతోంది. అలికిడికి వెనక్కి తిరిగింది. చేతిలో ఒక చొక్కా.

"వచ్చావా! ఏ ఆస్పత్రి? ఎవడూ చెప్పి చావడం లేదు. ఇదుగో చూడు, ముందు గుండీలున్న చొక్కాలే పెట్టా. చెయ్యి విరిగితే తల మీంచి తొడగలేం కదా. నొప్పి మందులు షాపులోంచి తెచ్చా, ఆస్పత్రిలో ఎప్పుడిస్తారో ఏమో. గడ్డం గీసుకునే సామాను కూడా పెట్టా. రెండు రోజులు గీసుకోకపోతే ఎలుగుబంటిలా అయిపోతాడు—"

ఆమె వెనకాల తాతగారు కనబడేసరికి చెల్లెలి మాట ఆగింది. అయినా ముఖంలో నవ్వు పోలేదు. పోవడానికి దారి తెలియనట్టు అక్కడే నిలిచిపోయింది.

"అమ్మా..." అని తాతగారు మొదలుపెట్టాడు.

"మీరొద్దు సార్" అంది చెల్లెలు. "అక్క చెబుతుంది."

ఆమె నోరు తెరిచింది. ఇంతమంది మాటల్లోంచి కావలసిన నాలుగు ముక్కలు ఏరి చెప్పే మనిషి. ఇప్పుడు నాలుగు ముక్కలు కూడా దొరకలేదు.

"గొడుగు అతనిది కాదే" అంది చివరికి.

"మరెవరిది?"

"విమానానిది."

చెల్లెలు చేతిలో చొక్కాను చూసింది. దాన్ని మడత పెట్టి సంచీలో పెట్టింది. మళ్ళీ బయటికి తీసి విప్పి మడత పెట్టింది. మంచం అంచున కూర్చుంది.

"నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను నవ్వానక్కా" అంది. "షాపులో అందరి ముందూ నవ్వాను. దగ్గు మందు కోసం వచ్చినాయనకి ఊరికే ఇచ్చి పంపించాను. అప్పటికే...?"

"అప్పటికే."

"నేను నవ్వేటప్పటికే."

"అవునే."

ఆమె చెల్లెలి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోబోయింది. చెల్లెలు చెయ్యి లాక్కోలేదు, ఇవ్వనూ లేదు. వరండాలో పక్కింటావిడ గొంతు, స్కూలు నుంచి పాపను తీసుకురమ్మంటారా అని. తాతగారే వెళ్ళి, కాసేపాగి తీసుకురమ్మన్నాడు.

అంత్యక్రియలు అయిపోయాయి. మనుషులు వచ్చారు, కూర్చున్నారు, వెళ్ళారు. చెల్లెలు అక్కతో మాట్లాడడం మానేసింది. దెబ్బలాట ఏమీ కాదు. ఎదురుపడితే తిన్నావా అని అడిగేది. అంతకు మించి ఏమీ లేదు. అక్క రోజూ సాయంత్రం వచ్చి పాపకు జడ వేసి, లెక్కలు చెప్పి, తన ఇంటికి వెళ్ళి తినేది.

విచారణ చాలా రోజులు జరిగింది. పొడవాటి బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు ఆ రోజు రేడియో టేపును ముందుకీ వెనక్కీ తిప్పి వినిపించారు. ఆమె తన గొంతును తాను విన్నది. దూకేయండి. దూకేయండి. టీకి చక్కెర ఎంత అని అడిగినట్టుంది.

"మీరు నియమం ప్రకారమే చెప్పారు. మీ వైపు నుంచి లోపం ఏమీ లేదు" అన్నాడు అధ్యక్షుడు.

"నేను అరిచి ఉంటే?" అని అడిగింది ఆమె.

ఆయన కాగితాల్లోంచి తలెత్తాడు. ఆ ప్రశ్నకు ఆయన దగ్గర కాగితం లేదు. "అది చెప్పలేమండి" అన్నాడు.

తోక చిన్నదైందని తేలింది. గొడుగు తాడు పొట్టిదైందనీ, ఇంకొంచెం పొడుగుంటే చచ్చిన గాలిని దాటి అవతలి గాలిని అందుకునేదనీ తేలింది. తోక ఇంజినీరు ఉద్యోగం మానేస్తానని తాతగారి దగ్గర ఏడ్చాడు. మానలేదు. మూడో పెట్టకి పెద్ద తోక, పొడుగు తాడు అతనే గీశాడు.

ఒకరోజు సాయంత్రం పాప నిద్రపోయాక అక్క బయల్దేరుతుంటే చెల్లెలు వెనకనుంచి పిలిచింది.

"ఆ టేపు నాకు వినిపిస్తారా?"

"అడిగాను. ఇవ్వరట. బయటివాళ్ళకి వినిపించకూడదట."

"నేను బయటిదాన్నా?"

అక్క గుమ్మంలోంచి వెనక్కి వచ్చింది.

"నీకంతా గుర్తుంది కదా. నువ్వు చెప్పు. మొదటి నుంచి."

ఎవరికీ చెప్పకూడదని విచారణలో సంతకం పెట్టించుకున్నారు. ఆమె వంటగదిలో బల్ల దగ్గర కూర్చుని చెప్పింది. అతని మాటలూ చెప్పింది, తన మాటలూ చెప్పింది. బుద్ధిగా ఉంది గ్రౌండ్ అన్న చోట చెల్లెలి పెదాలు కదిలాయి. ఇంజిన్ పెంచి చూస్తా అన్న చోట, "చూస్తాడు. పాడైన మిక్సీని కూడా పారెయ్యనిచ్చేవాడు కాదు" అంది. చివరి మాట దగ్గర అక్క ఆగిపోయింది.

"చెప్పు."

"ఉండు వదినా, అన్నాడు."

"ఉండండి కాదా?"

"కాదే. ఉండు."

చెల్లెలు అప్పుడు ఏడ్చింది. అన్ని రోజుల తర్వాత, గిన్నెల మధ్య, తల బల్ల మీద పెట్టుకుని. అక్క వీపు నిమురుతూ కూర్చుంది. ఇంకేం చెయ్యాలో తెలియలేదు. ఏడుపు ఆగాక చెల్లెలు లేచి రెండు కంచాలు పెట్టింది. "చల్లారిపోయింది, ఇంటికెళ్ళి మళ్ళీ ఏం వండుకుంటావు" అంది. క్షమించానని గానీ, క్షమించలేదని గానీ అనలేదు. ఇద్దరూ తిన్నారు.

మరుసటి ఏడు మూడో పెట్ట గింగిరాల పరీక్షకు సిద్ధమైంది. కొత్త పైలట్ వచ్చాడు. మైకు దగ్గర నువ్వే కూర్చోవాలని తాతగారు ఆమెను అడిగాడు, తర్వాత బతిమాలాడు.

"నా గొంతు పనికిరాదు సార్. దానికి అరవడం రాదు" అంది ఆమె. ఇంజిన్ చూసే ఆవిడ ఆ కుర్చీలోకి మారింది.

పరీక్ష రోజు ఆమె సెలవు పెట్టి చెల్లెలి షాపుకి వెళ్ళింది. ఎందుకొచ్చావని చెల్లెలు అడగలేదు. పరీక్ష ఏ రోజో ఊళ్ళో అందరికీ తెలుసు. అక్క కౌంటర్ వెనక స్టూలు మీద కూర్చుని మందుల అట్టపెట్టెలు విప్పసాగింది. ఆకాశం నిర్మలంగా ఉంది. పై ఎత్తున ఎక్కడో తేనెటీగ రొదలాంటి ఇంజిన్ చప్పుడు మొదలైంది.

ఒక ముసలాయన చీటీ తెచ్చాడు. చెల్లెలు మాత్రల పట్టీ తీసి, కత్తెరతో సగానికి కత్తిరిస్తోంది. అంతలో పైన చప్పుడు ఆగిపోయింది.

గింగిరంలోకి వెళ్ళే ముందు పైలట్ ఇంజిన్‌ను బాగా తగ్గిస్తాడు. ఆ సంగతి షాపులో అక్కకి ఒక్కదానికే తెలుసు. చెల్లెలికి చెప్పాలనుకుంది. చెబితే, మళ్ళీ మొదలవుతుందని కూడా చెప్పాల్సి ఉంటుంది. అది తనకి తెలీదు. చేతిలో అట్టపెట్టెను పట్టుకుని అలాగే ఉండిపోయింది. చెల్లెలి చేతిలో కత్తెర సగం కోతలో ఆగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ వెళ్ళారు.

"ఏమ్మా, అయిపోయాయా మాత్రలు?" అన్నాడు ముసలాయన.

అప్పుడు సన్నగా, చాలా దూరంగా, ఇంజిన్ చప్పుడు మళ్ళీ వినబడింది. అక్క చేతిలో అట్టపెట్టెను విప్పింది. చెల్లెలు మిగతా సగం కత్తిరించి, మాత్రలు కవర్లో వేసి ముసలాయన చేతికి ఇచ్చింది.

"పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. తిన్నాకే వేసుకోండి" అంది. గొంతు కొంచెం వణికింది. ఆయన చీటీ మడత పెట్టుకుంటూ గమనించలేదు.